మామగారికి మతి తప్పిన సంగతి సర్కారు చెవిన పడకుండా జాగ్రత్తలు

అన్నిటికన్నా ముందు పేరు పెట్టే దగ్గర జాగ్రత్త. అత్తగారు పోపులపెట్టె పూజగదిలో పెట్టి వంటింట్లో గంటసేపు వెతికినా, మామగారు నలభై ఏళ్ళు నడిచిన సందులోనే నిలబడి మన ఇల్లెక్కడని అడిగినా ‘చాదస్తం’ అనండి. ‘వయసు మీద పడింది కదా’ అనండి. నోరు జారి డిమెన్షియా అన్నారో, అది జబ్బయి కూర్చుంటుంది. జబ్బంటే డాక్టరు కావాలి, డాక్టరుంటే లెక్క రాస్తాడు, లెక్క తేలితే బడ్జెట్లో పద్దు అడుగుతారు. జపాన్‌లో జరిగిందిదే. అక్కడా ఈ జబ్బుకు మందబుద్ధి లాంటి పాత పేరొకటి ఉండేది. 2004లో ప్రభుత్వమే పూనుకుని మర్యాదగా ఉండే పేరు పెట్టింది. 2023కల్లా దానికంటూ ఒక చట్టమే చేసుకున్నారు. చూశారా, పేరు దగ్గర అజాగ్రత్తగా ఉంటే ఎంతదాకా పోతుందో.

ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉంటే మీ పని సులువు. ‘వాళ్ళ వంశంలో మతిపోయే జబ్బుందట’ అన్న మాట పుట్టకుండా పెద్దవాళ్ళని వెనకగదిలోకి మార్చేయండి. చుట్టాలొస్తే నిద్రపోతున్నారని చెప్పండి. మా పెద్దమ్మ అలా మూడేళ్ళు ‘నిద్రపోయింది’. ఆవిడ పోయాక పరామర్శకు వచ్చినవాళ్ళలో నలుగురు, ఒకరికి తెలియకుండా ఒకరు, నన్ను పక్కకి పిలిచి తమ ఇంట్లోనూ ఒకరు అలాగే ఉన్నారని చెప్పారు. అందరిదీ అదే వీధి. ఆ నలుగురూ ముందే ఒకచోట కూర్చుని మాట్లాడుకుని ఉంటే? కుర్చీలు తెచ్చుకుని సంఘం పెట్టేవాళ్ళు! దేశంలో అరవై దాటినవాళ్ళలో 88 లక్షల మందికి, అంటే నూటికి ఏడుగురికి పైగా, ఈ జబ్బు ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా కట్టింది. అంత జాగ్రత్తగా దాచినా అంతమంది బయటపడ్డారంటే, ఎవరో సరిగ్గా తలుపు వెయ్యలేదన్నమాట.

ఇక చాకిరీ సంగతి. రాత్రి రెండింటికి మామగారు గొళ్ళెం తీసి ‘ఆఫీసుకి టైమైంది’ అని బయల్దేరతారు. వెనకాలే చెప్పుల్లేకుండా పరిగెత్తడానికి కోడలుంది. స్నానానికి ఒప్పించడానికి గంట, తిన్న అన్నమే తినలేదంటే మళ్ళీ కలపడానికి కోడలే. పగలు ఉద్యోగం, రాత్రి కాపలా కుదరదంటుంది, ఉద్యోగం మానిపించండి. ఊరంతా వినేలా ‘మా కోడలు బంగారం’ అనండి. బంగారానికి జీతం ఉండదు, సెలవుండదు, నడుంనొప్పీ ఉండదు. ఆడపడుచు డల్లాస్ నుంచి ఫోన్ చేసి ‘నాన్న నాతో బాగానే మాట్లాడాడే, వదినే ఎక్కువ చేస్తోంది’ అంటుంది. ఆ ఐదు నిమిషాల ఫోన్నే వైద్యపరీక్షగా తీసుకోండి. (ఈ జబ్బులో మనిషి ఐదు నిమిషాలు ఎంతో పొందిగ్గా మాట్లాడగలడని కోడలికి తెలుసు. ఆమెను ఎవరూ అడగకుండా చూసుకుంటే చాలు.)

ఇంత చేసినా, సోమవారం కలెక్టరేట్లో అర్జీ ఇద్దామని ఎవడో ఒకడు లేస్తాడు. వద్దనకండి. అర్జీ మీరే రాసిపెట్టండి. ‘వృద్ధుల సంక్షేమానికి తగు చర్యలు తీసుకోవలసిందిగా ప్రార్థన’ అన్న వాక్యం శ్రేష్ఠం. తగు చర్యలంటే ఏమిటో మీకూ తెలియదు, పుచ్చుకున్న అధికారికీ తెలియదు కాబట్టి ఇద్దరూ నవ్వుతూ విడిపోవచ్చు. జిల్లా ఆసుపత్రిలో వారానికో రోజు మతిమరుపు రోగులకని ఓపీ పెట్టండి, ఆశా కార్యకర్తకు ఈ జబ్బును పసిగట్టే నాలుగు ప్రశ్నలు నేర్పండి, పొద్దున దింపి సాయంత్రం తెచ్చుకునే కేంద్రం మండలానికొకటి తెరవండి, చూసుకునే మనిషికి నెలకింత భృతి ఇవ్వండి అని మాత్రం చచ్చినా రాయకండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, అందులో పార్కిన్సన్స్ ఉంది, డిమెన్షియా పేరు లేదు, చేర్చమని కేంద్రానికి రాయండి అని అసలే అడగకండి. అలా విడమరిచి అడిగితే ఆయన ఔననో కాదనో చెప్పాలి. పెద్ద ఉద్యోగిని అంత ఇరకాటంలో పెట్టకూడదు.

డెబ్బై దాటితే ఆయుష్మాన్ భారత్‌లో 5 లక్షలున్నాయిగా అంటారు. తలూపండి. అది ఆసుపత్రిలో చేరితే ఇచ్చేదనీ, ఈ జబ్బు ఏళ్ళ తరబడి వెనకగదిలోనే ఉంటుందనీ గుర్తుచేయకండి. కేరళ 2014లోనే రాష్ట్ర కార్యక్రమం మొదలుపెట్టిందంటే ‘అక్కడ చదువులెక్కువండీ’ అని మాట దాటేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నాలుగింట మూడొంతుల దేశాలకైనా ఒక డిమెన్షియా ప్రణాళిక ఉండాలని 2025 గడువు పెట్టింది. ఆ గడువు ఇప్పుడు 2031కి జరిగింది. మనకి తొందరేముంది?

పరిశోధన మాటెత్తితే మరీ ప్రమాదం. రెండో భాష వచ్చినవాళ్ళకి ఈ జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వస్తోందని, బడికి వెళ్ళనివాళ్ళలో కూడా ఆ తేడా ఉందని 2013లో ప్రపంచానికి చెప్పింది హైదరాబాదు నిమ్స్‌లో జరిగిన అధ్యయనమే. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడే ఊళ్ళో 648 మంది రోగుల వివరాలు చూసి తేల్చారు. అలాంటివి ఇంకో పది చేయడానికి డబ్బులివ్వమని ఎవరైనా అడిగేస్తే కష్టం. పరీక్షలు కూడా మన అవ్వలకు సరిపడేలా తయారుచేయమని అడగకండి. ‘ఈ రోజు తేదీ ఎంత?’ అనే అడగనివ్వండి. ఏకాదశి అని చెప్పిన అవ్వకి సున్నా వేయనివ్వండి.

వచ్చే సోమవారం కూడా కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు. మీ వీధిలో ఇంకా ఎవరెవరింట్లో వెనకగది ఉందో కనుక్కోకండి, నలుగురూ కలిసి అస్సలు వెళ్ళకండి.