చప్పుడు లేని బండికి చప్పుడు బిగించే విద్య

విద్యుత్ మోటార్‌సైకిల్‌కు పుట్టుకతోనే మూడు సుగుణాలున్నాయి: లోపల పేలుడు జరగదు కనుక చప్పుడు లేదు, టార్క్‌ను, అంటే చక్రాన్ని తిప్పే మెలిబలాన్ని, మోటారు కదలిక మొదలైన క్షణంలోనే పూర్తిగా ఇవ్వగలదు కనుక గేర్లతో పెద్దగా పని లేదు, పెట్రోలు పోయనక్కర లేదు కనుక ట్యాంకు అవసరం లేదు. ఈ సుగుణాలను ఒక్కొక్కటిగా రూపుమాపే కృషికే కొత్త మోడళ్ల ప్రకటనల్లో డిజైన్ మెరుగుదల అని పేరు.

వీటిలో అన్నిటికన్నా ముందు బలైనది నిశ్శబ్దం. 2019లో భారత విపణిలోకి వచ్చిన రివోల్ట్ ఆర్‌వీ 400లో సైలెన్సర్ మోతను అనుకరించే నాలుగు రకాల శబ్దాలను ఫోన్ యాప్ ద్వారా ఎంచుకునే సదుపాయం కల్పించారు. పెట్రోలు ఇంజిన్‌లో మండిన వాయువులు ఒత్తిడితో బయటకు తన్నుకు వస్తాయి గనుక మోత పుడుతుంది, ఆ మోతను తగ్గించడానికే ఇంజనీర్లు శతాబ్దానికి పైగా సైలెన్సర్‌ను సానబెట్టారు. తీరా మోత పూర్తిగా పోయిన రోజున దాన్ని స్పీకర్ పెట్టి వెనక్కి పిలవడం ప్రగతి అయింది. పాదచారుల భద్రత కోసమే ఈ ఏర్పాటు అన్న సమర్థన వినడానికి బాగానే ఉంటుంది గాని, విద్యుత్ కార్లలో హెచ్చరిక శబ్దాన్ని తప్పనిసరి చేసిన ఐక్యరాజ్యసమితి నిబంధన దాన్ని గంటకు 20 కిలోమీటర్ల వేగం వరకే కోరుతుంది, ఎందుకంటే ఆపైన టైర్ల రాపిడే వినిపిస్తుంది. మోటార్‌సైకిళ్ల స్పీకర్లు మాత్రం వేగం పెరిగేకొద్దీ గర్జిస్తాయి. మోత పెరిగేలా మార్చిన సైలెన్సర్లను హైదరాబాద్ పోలీసులు రోడ్డు రోలరు కింద తొక్కించిన సందర్భాలున్నాయి. యాప్‌లోని మోతను ఏ రోలరు కింద వేయాలో పాపం వారికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

పెట్రోలు లేని బండి మీద కూడా నిలిపి ఉంచిన ట్యాంకు ఆకారం విషయంలో కొంత ఉదారంగా ఉండవచ్చు, మలుపుల్లో మోకాళ్లకు పట్టు కావాలి కనుక ఆ ఉబ్బుకు ఒక పని ఉంది. గేర్లకు ఆ మినహాయింపు ఇవ్వడం కష్టం. అహ్మదాబాద్‌కు చెందిన మ్యాటర్ సంస్థ తన ఏరా బండికి క్లచ్‌తో సహా నాలుగు గేర్లు అమర్చింది. గేర్లుంటే ఎత్తు ఎక్కేటప్పుడు బలం పెరుగుతుందన్న వాదంలో సాంకేతికంగా తప్పేమీ లేకపోయినా, రైడరు ఎడమచెయ్యి నిరుద్యోగి కాకుండా కాపాడాలన్న కరుణే అందులో ఎక్కువగా కనిపిస్తుంది.

అనుకరణ కనీసం బండితో పాటే దొరుకుతోంది. అసలైన ప్రతిభ దాని తర్వాత మొదలైంది. కాలిఫోర్నియాలో పుట్టిన జీరో మోటార్‌సైకిల్స్ 2022 మోడళ్లతో ఒక ఆన్‌లైన్ దుకాణం తెరిచి, అదనపు రేంజ్‌ను, వేగవంతమైన చార్జింగ్‌ను, చేతులకు వెచ్చదనమిచ్చే హ్యాండిల్ పిడులను సాఫ్ట్‌వేర్ తాళం తీసి విడివిడిగా అమ్మసాగింది. ఆ సామర్థ్యమంతా అప్పటికే బండిలో ఉంటుంది, దాని బరువును కొన్నవాడే మోస్తుంటాడు, వాడుకోవడానికి మాత్రం మళ్లీ చెల్లించాలి. ఇల్లు రిజిస్ట్రేషన్ చేసి ఇచ్చి, పెరటి గది తాళంచెవికి వేరే ధర చెప్పినట్టుంది ఈ వ్యవహారం.

ఇక రేంజ్, అంటే ఒక్క చార్జింగ్‌తో బండి నడిచే దూరం. మన దేశంలో ప్రకటనలకెక్కే అంకె ఎక్కువగా ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ అనే పరీక్ష నుంచి వస్తుంది. బండిని రోలర్ల మీద నిలబెట్టి చేసే ఆ పరీక్షలో గరిష్ఠ వేగం గంటకు 42 కిలోమీటర్లు, సగటు 22 కిలోమీటర్ల లోపు. గాలి నిరోధం వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది కనుక, వేగం 40 నుంచి 80కి చేరితే ఆ నిరోధం నాలుగు రెట్లవుతుంది. బెంగళూరు సంస్థ అల్ట్రావయొలెట్ తన ఎఫ్77లో 10.3 కిలోవాట్ అవర్ బ్యాటరీకి ప్రకటించిన 307 కిలోమీటర్లు ఈ పరీక్ష లెక్కే. దాన్ని నమ్మి హైదరాబాద్ నుంచి విజయవాడకు, అంటే సుమారు 275 కిలోమీటర్లకు, బయలుదేరే వ్యక్తి పరీక్షలోని సగటు వేగాన్ని భక్తిగా పాటిస్తే దాదాపు పన్నెండున్నర గంటల్లో చేరతాడు. ఈలోగా ఆర్టీసీ బస్సు అక్కడికి వెళ్లి తిరిగి రాగలదు. ఒకే పోస్టరు మీద గరిష్ఠ రేంజ్, గరిష్ఠ వేగం పక్కపక్కన అచ్చవుతాయి గాని, రోడ్డు మీద ఆ రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవు.

నిజమైన మెరుగుదల లేకపోలేదు, కాకపోతే అది కంటికి కనపడదు, చెవికి వినపడదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ నిజామాబాద్‌లోనూ విద్యుత్ ద్విచక్ర వాహనాల బ్యాటరీలు ఇళ్లలోనే పేలి ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది ప్రమాదాల దరిమిలా కేంద్రం ఏఐఎస్-156 అనే భద్రతా ప్రమాణాన్ని కట్టుదిట్టం చేసి, 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి 31 నుంచి రెండు దశల్లో అమలు చేసింది. సెల్‌కూ సెల్‌కూ మధ్య తగిన ఎడం, ఒక సెల్‌లోని మంట పక్క సెల్‌కు పాకే తీరుపై పరీక్ష, వేడి అదుపు తప్పితే ముందే మోగే హెచ్చరిక దానితోనే తప్పనిసరి అయ్యాయి. ప్రభుత్వం మెడలు వంచాక వచ్చిన మార్పు కాబట్టి కాబోలు, దానికి పోస్టరు మీద చోటు దొరకడం అరుదు. కొత్త బండి చూడబోయేవారు షోరూమ్‌లో ముందు స్పీకర్ ఆపించి, స్థిరంగా 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఎంత దూరం వస్తుందో, వారంటీ ముగిశాక కొత్త బ్యాటరీ ధర ఎంతో కాగితం మీద రాసిమ్మని అడగాలి.