వాడిన బొకేకు టీకా తాత్పర్యం

మూలం: వాడిన బొకేనుండి గులాబి కాడఁ దీసి, పువ్వు విడిచి, కణుపు క్రిందఁ గోసి, ఇసుకలో గ్రుచ్చి, నీడ నుంచునది.

టీక: ఈ సూత్రానికి కర్త ఎవరో తెలియదు. పెళ్లి రిసెప్షన్ మర్నాడు ఏ ఇంట్లోనైనా వినిపించే అపౌరుషేయ వాక్యమిది. 'వాడిన' అన్నచోట 'వాడని' అనే పాఠాంతరాన్నే గ్రహించాలి. పూలదుకాణంలో డచ్ గులాబీగా చెలామణి అయ్యేది ఎక్కువగా హోసూరు, బెంగళూరు చుట్టుపక్కల పాలీహౌస్‌లలో కోసినది. కోల్డ్ స్టోరేజీలో, లారీలో, దుకాణం బకెట్టులో రోజులు గడిపాక గానీ మన చేతికి రాదు. కాడ దాచుకున్న తిండిలో సగం దారిబత్తెంగానే సరిపోతుంది. రేకులు రాలేదాకా ఆగితే ఇక నాటేది కాడ కాదు, పుల్ల. 'పువ్వు విడిచి' అన్నది సూత్రానికి ప్రాణం. చదివేవారికి మనసొప్పనిదీ అదే. పువ్వు నచ్చే కదా మొక్క కావాలనుకున్నది, దాన్నే పారేయమంటే ఎలా? కానీ విచ్చుకునే పువ్వు కాడలోని చక్కెరను తనవైపే లాక్కుంటుంది, వేరు పుట్టాల్సిన అడుగుకు ఏమీ మిగల్చదు. పైగా పువ్వు పూసిన కొసకు అక్కడితో ఎదుగుదల ఆఖరు. ఎదగగలిగినదంతా ఆకు మొదట్లో, కణుపు దగ్గర నిద్రపోయే చిన్న మొగ్గలో ఉంది. బొకేలో మనం డబ్బిచ్చి కొన్నది ఒకటి, మొక్క కాగలిగినది మరొకటి అని భావం.

మూలం లేనిదేదీ రాయనని ప్రతిజ్ఞ పూనిన సంస్కృత కావ్య వ్యాఖ్యాత కొలచెలమ మల్లినాథసూరికి పని సులువు. ఇక్కడ మూలం, అంటే వేరు, ఇంకా పుట్టనేలేదు. అది పుట్టే విధానమే 'కణుపు క్రిందఁ గోసి' అన్న భాగం. లేత ఆకుల్లో, చిగుళ్లలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కాండం వెంబడి కిందికి దిగుతుంది. కోత దగ్గర దారి తెగిపోయి అక్కడే పోగుపడుతుంది, వేళ్లు వేయమని అక్కడి కణాలను పురమాయిస్తుంది. ఈ సంగతి 1930లలో తేలాకే వేరు పుట్టించే పొడులు నర్సరీల్లోకి వచ్చాయి. కనుక జానెడు కాడకు పైన ఒకటి రెండు ఆకులైనా ఉంచాలి. మొత్తం దూసేస్తే ఆజ్ఞ ఇచ్చేవారే ఉండరు. 'క్రింద' అన్నదీ ఊరికే పడిన మాట కాదు. హెర్మన్ ఫోఖ్టింగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1878లో చూపినట్టు, కొమ్మను తలకిందులుగా వేలాడదీసినా చెట్టుమీద ఉన్నప్పుడు ఏది అడుగో ఆ కొసనే వేళ్లు వస్తాయి. అడుగేదో అనుమానమొస్తే ముళ్లు చూడాలి, గులాబీ ముళ్లు సాధారణంగా కిందికి వంగి ఉంటాయి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో పనస, దానిమ్మ, ద్రాక్ష వంటివాటిని కొమ్మ నాటి పెంచవచ్చని, నాటేముందు పేడ పూయాలని చెప్పాడు. జాబితాలో పనసను చూసి నేటి నర్సరీవాళ్లు తల పంకిస్తారేమో గానీ, కొమ్మనుంచి మొక్క అనే ఆలోచన బొకేకన్నా చాలా పాతదని తేలుతుంది.

ఇక్కడ ఆలుగడ్డ మతస్థులు అడ్డుపడతారు. కాడను ఆలుగడ్డలో గుచ్చి పాతితే గడ్డలోని తేమ, సారం దానికి అందుతాయని వాళ్ల పూర్వపక్షం. తేమ మాట నిజమే. గడ్డలోని పిండి మాత్రం చల్లటి నీటిలో కరిగేది కాదు, కోసిన కాడ దాన్ని పీల్చుకోలేదు. తడిమట్టిలో కోసిన గడ్డ కుళ్లితే ఆ కుళ్లు కాడకూ పాకుతుంది. కుళ్లకపోతే మరో ముప్పు, దాని కళ్లు దానికున్నాయి గనుక గులాబీ కోసం కనిపెట్టుకున్న కుండీలో ఆలుగడ్డ మొక్క లేస్తుంది. మరి ఈ చిట్కా చూపే వీడియోలో కాడ మొలిచింది కదా అంటారా, అక్కడ కనిపించింది చిగురు. పొగను చూసి నిప్పును ఊహించడం తర్కంలో తొలి పాఠం. చిగురును చూసి వేరును ఊహించడం సవ్యభిచార హేతువు, అంటే నమ్మరాని సాక్ష్యం. కాడలో మిగిలిన నిల్వతోనే మొగ్గ విచ్చుకోగలదు. వేరు లేకుండానే రెండు వారాలు పచ్చగా మురిపించి, నిల్వ అయిపోగానే నల్లబడుతుంది. వేళ్లకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోపు పీకి చూడటం ప్రత్యక్ష ప్రమాణమే గానీ, ఆ పరీక్షకు లేతవేళ్లు తెగిపోతాయి. అడుగున చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ గ్లాసులో ఇసుక, కోకోపీట్ కలిపి నాటితే అవి గోడవెంట వాటంతటవే కనిపిస్తాయి. పైన సగానికి కోసిన నీళ్ల సీసా బోర్లిస్తే ఆకు వాడదు. 'నీడ' అంటే వెలుతురున్న నీడ, మంచం కింద చీకటి కాదు.

అన్ని పూలకూ ఈ సూత్రం వర్తించదు. జెర్బెరా కాడకు ఆకూ లేదు, కణుపూ లేదు; ఎన్నాళ్లు గుచ్చి ఉంచినా అది కుళ్లే గడ్డిపోచే. గ్లాడియోలస్, నేలసంపెంగల దుంపలు రైతు పొలంలోనే ఉండిపోయాయి. బొకేల్లో వచ్చే చామంతి, కార్నేషన్లు మాత్రం గులాబీకన్నా సులువు, మొగ్గ తొడగని పక్కకొమ్మ దొరికితే చాలు. బంతి అపవాదం: అక్కడ పువ్వునే ఉంచుకోవాలి. దసరాకు గుమ్మానికి కట్టిన దండ ఎండాక చిదిమి చల్లితే, విత్తు ముదిరి ఉంటే మొలుస్తుంది. హైబ్రిడ్ బంతి అయితే పిల్ల తల్లిలాగే ఉంటుందన్న పూచీ లేదు.

ఇంకొందరు బొకే కాడనుంచి మొక్క పెంచడాన్నే చౌర్యమంటారు. ఆ మాట తీసిపారేయదగ్గది కాదు. పేటెంటు ఉన్న మొక్కను అనుమతి లేకుండా కొమ్మలతో పెంచకూడదని అమెరికాలో 1930లోనే చట్టం చేశారు. 1931లో దాని కింద తొలి పేటెంటు పొందినది 'న్యూ డాన్' అనే తీగ గులాబీయే. కొత్త రకం సృష్టించినవారికి మన దేశంలోనూ 2001 నాటి చట్టం హక్కులిచ్చింది. కాబట్టి ఈ శాస్త్రానికి అధికారి బాల్కనీలో ఒక్క కుండీ పెట్టుకునేవారే తప్ప, కాడలకు వేళ్లు తెప్పించి అమ్ముకునేవారు కాదని వ్యాఖ్యాత నిర్ణయం. చివరి ఆక్షేపణ గట్టిది. తల్లిమొక్కను మొండి వేరున్న మరో గులాబీమీద అంటు కట్టారు, ఈ కాడకు ఆ వేరు బలం ఉండదు. పాలీహౌస్‌లో పెరిగిన రకం మన ఎండలో చిన్న పూలే పూస్తుంది, నల్లమచ్చ తెగులు తెచ్చుకుంటుంది. కడియం నర్సరీల్లో అంటుగులాబీ దొరుకుతుంటే ఈ శ్రమ దేనికి? ఒప్పుకోవలసిందే. అయితే అంటుమొక్కలో వేరునుంచి లేచే పిలక అడవి గులాబీ, ఉపేక్షిస్తే అసలు రకాన్ని మింగేస్తుంది. సొంతవేరు మొక్కలో ప్రతి పిలకా అదే గులాబీ. వానలు తగ్గి చలి మొదలయ్యే కార్తీకంలో బొకే వస్తే సూత్రం ప్రకారం నడవవచ్చు. మే నెలలో వస్తే దాన్ని నీళ్లలో పెట్టి చూసుకుని, మొక్కను కడియంనుంచే తెప్పించుకోవడం శాస్త్రసమ్మతం.