చదువు రానివారికి ఓ యాప్

బెంగళూరులో చదువురాని వాళ్లు పెద్దగా లేరు. 2011 జనగణన ప్రకారం నగర జిల్లా అక్షరాస్యత 87.67 శాతం. 2021లో తీయాల్సిన లెక్క తీయకపోవడంతో ఆ అంకె ఏళ్లు మీద పడకుండా నిగనిగలాడుతూనే ఉంది. లెక్క కట్టే తీరులోనూ మర్యాద ఎక్కువే. ఏడేళ్లు నిండినవారికి ఏదో ఒక భాషలో అర్థం చేసుకుని చదవడం, రాయడం వస్తే చాలు. గణకుడు గుమ్మంలో నిలబడి అడుగుతాడు, ఇంట్లోవాళ్లు "వచ్చండీ" అంటారు. పేపరు చేతికిచ్చి చదివి చూపమనే మొరటుతనం ఉండదు.

చదువురాని వాళ్లను ఈ నగరం బయటినుంచి తెప్పించుకుంటుంది. అదే జనగణనలో కర్ణాటకలోనే ఉన్న యాదగిరి జిల్లాది 51.83 శాతం, అక్కడి ఆడవాళ్లది 41.38. సరిహద్దు దాటితే మన పాలమూరు, 55.04 శాతంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అట్టడుగు. వలసకు పేరుపడ్డ ఈ జిల్లాల మనుషులు ఇక్కడ టవర్లు లేపి, రేకుల షెడ్లలో కాపురం ఉంటారు. తీరా అదే టవర్‌లోకి ఇంటిపనికి వెళ్తే గేటు దగ్గర రిజిస్టర్ తిప్పి పేరు, వేళ, ఫ్లాటు నంబరు రాయమంటారు.

వీళ్ల కోసమే కేంద్రం 2022లో కొత్త అక్షరాస్యతా పథకం తెచ్చింది. ఉల్లాస్ అని పేరు పెట్టారు. అయిదేళ్లు, అయిదు కోట్ల మంది, 1,037.90 కోట్ల రూపాయలు. భాగించి చూస్తే తలకు 207 రూపాయల చిల్లర. ఓ మోస్తరు హోటల్లో ఇద్దరు మసాలా దోశ తిని కాఫీ తాగితే అయిపోతుంది. పాఠం చెప్పేది వాలంటీర్లు, జీతం ఊసు లేదు. సర్వేయర్ ఇంటికొచ్చి పేరు రాసుకుంటాడు. లేదంటే చదువురాని మనిషే స్వయంగా మొబైల్ యాప్‌లో నమోదు చేసుకోవచ్చు. ఈ రెండో వెసులుబాటు ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, ఆయనకు శాలువా బాకీ ఉన్నాం.

పెద్దల చదువు పెద్దలతోనే ఆగదు. అమ్మానాన్నల చదువే పిల్లలు పెద్దయ్యాక కూడా వాళ్లను వెంటాడుతుందని ధనిక దేశాల కూటమి ఓఈసీడీ చేసిన పెద్దల నైపుణ్యాల సర్వే ఆ దేశాల్లోనే తేల్చింది. 2024 డిసెంబరులో 31 చోట్ల ఫలితాలు బయటపెట్టింది. ఇండియా ఆ సర్వేలో లేదు. పరీక్షకే కూర్చోనివాడు ఫెయిలయ్యే ప్రశ్నే లేదు.

పెద్దలకు నిజంగానే చదువొస్తే ఏమవుతుందో నెల్లూరు ఒకసారి చూపించింది. రాత్రిబడి వాచకంలో సారా గురించిన పాఠం చదివిన దూబగుంట ఆడవాళ్లు 1992లో దుకాణం మూయించారు. ఊరూరా అదే వరస. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. ఖజానాకు అంత నష్టం తెచ్చిన పుస్తకం ఇంకోటి ఉండదేమో! అలాంటి చదువు కంటే సంతకం నేర్పి సర్టిఫికెట్ ఇవ్వడం ఏ సర్కారుకైనా క్షేమం.

బెంగళూరులో అసలు కొరత వాచకాలది కాదు, వేళది. పొద్దుగూకేదాకా ఇటుకలు మోసిన మనిషి పలక పట్టుకోదు, పట్టుకోమనడం అన్యాయం కూడా. కానీ భవన నిర్మాణ ఖర్చులో 1 శాతం కార్మికుల సంక్షేమానికి సెస్సుగా వసూలవుతూనే ఉంది. ఆ సొమ్ముతో సైట్ మీదే, పని వేళలోనే, కూలి కోయకుండా రోజుకో గంట చదువు చెప్పించండి. యాప్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.