ప్లాటినం బడిలో ఒకటో తరగతి

అడ్మిషన్ల కాలం వచ్చిందంటే హైదరాబాద్, విజయవాడ, విశాఖ రోడ్ల పక్కన హోర్డింగులు పచ్చబడతాయి. పైన 'ఎకో ఫ్రెండ్లీ క్యాంపస్' అని ఉంటుంది. దాని కింద 'పూర్తిగా ఏసీ తరగతి గదులు', ఆ కింద 'ఏసీ బస్సులు'. మూడూ ఒకే హోర్డింగు మీద ఏ పేచీ లేకుండా సర్దుకుపోతాయి. పిల్లలకు నేర్పాల్సిన సర్దుబాటు గుణం ప్రకటనకే ముందు అబ్బింది.

ఈ పర్యావరణ బడిని కట్టే పద్ధతి ఒకటుంది. మొదట స్థలంలోని వేపచెట్లూ కానుగచెట్లూ కొట్టేస్తారు. మెయిన్ రోడ్డు పడమర వైపుంటే ఎలివేషన్ అంతా పడమరకే పెట్టి, నేల నుంచి నాలుగో అంతస్తు దాకా అద్దాలు బిగిస్తారు. మధ్యాహ్నం మూడు గంటల ఎండ ఒకటో తరగతి 'బి' సెక్షన్‌లోకి అనుమతి అడగకుండా వచ్చి కూర్చుంటుంది. ఎండ లోపలికి రావడానికి అద్దం దారి ఇస్తుంది గానీ, లోపల పుట్టిన వేడి బయటికి పోవడానికి అంత తేలిగ్గా ఇవ్వదు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. వెలుతురు కోసం అద్దం పెట్టారు. ఆ వెలుతురు తట్టుకోలేక కర్టెన్ వేశారు. కర్టెన్ వల్ల చీకటైంది. చీకటికి పట్టపగలే ఎల్ఈడీ లైట్లు వచ్చాయి. ఎల్ఈడీల వల్ల కరెంటు ఆదా అయింది. ఆదా అయినందుకు పాయింట్లు, పాయింట్లు వచ్చినందుకు రిసెప్షన్‌లో ఫలకం.

వేడిని ముందు డబ్బు పెట్టి పిలిచి, తరవాత డబ్బు పెట్టి తరమడమే ఈ విద్యలోని సారం. తరిమే యంత్రానికి అయిదు నక్షత్రాలున్నాయి గనక పిలిచిన సంగతి ఎవరూ అడగరు.

ఏసీ గది కాబట్టి కిటికీ తెరవకూడదు. తెరిస్తే కరెంటు దండగ. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు 420 పాళ్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. నలభై మంది పిల్లలు తలుపులు వేసుకుని ఊపిరి తీస్తుంటే, స్ప్లిట్ ఏసీ ఆ గాలినే చల్లార్చి మళ్లీ వడ్డిస్తుంటే, అది వెయ్యి దాటడానికి ఎక్కువసేపు పట్టదు. రెండో పీరియడుకే పిల్లలు ఆవులిస్తారు. నెపం టీచరు మీద పడుతుంది.

ఇక ఫలకం సంగతి. అమెరికాలో పుట్టిన లీడ్ అనే హరిత భవనాల ధ్రువీకరణ పద్ధతిలో 110 పాయింట్లుంటాయి. 80 గానీ ఆపైన గానీ వస్తే ప్లాటినం. సైకిల్ స్టాండుకూ పాయింటు వస్తుంది. సైకిల్ మీద వచ్చే పిల్లలు ఉన్నారా లేరా అన్నది స్టాండు బాధ్యత కాదు. 2009లో కెనడా జాతీయ పరిశోధన మండలికి చెందిన పరిశోధకులు 100 లీడ్ భవనాల వాడకం లెక్కలు తిరిగి తీశారు. చదరపు అడుగు చొప్పున చూస్తే సగటున ఆదా ఉన్నమాట నిజమే. అయితే వాటిలో 28 నుంచి 35 శాతం భవనాలు మామూలు భవనాల కంటే ఎక్కువ కరెంటు, ఇంధనం తాగాయి. పైగా ఫలకం రంగుకీ కొలిచిన వాడకానికీ పెద్దగా పొంతన కనిపించలేదు.

ధ్రువపత్రాలన్నీ దొంగవని దీనర్థం కాదు. అమెరికా బయట లీడ్ ప్లాటినం అందుకున్న మొదటి భవనం హైదరాబాద్‌లోనే ఉంది. 2004 జూలైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన సీఐఐ సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ అది. అందులో నడిమి వాకిలి ఉంది, జాలీ గోడలున్నాయి, గాలి బురుజులున్నాయి, కప్పు మీద గడ్డి ఉంది. దాన్ని చూసి వచ్చిన బడి యజమానులకు ఫలకం ఒక్కటే గుర్తుండిపోయినట్టుంది.

పచ్చిక కూడా చూడదగ్గదే. నీళ్లు పోయనక్కర్లేదని ప్లాస్టిక్ పచ్చిక పరుస్తారు. ఎండాకాలం మధ్యాహ్నం అది 60 డిగ్రీలు దాటి కాలగలదు కాబట్టి పిల్లల్ని దాని మీదికి పంపరు. కొట్టేసిన వేపల స్థానంలో నీడనివ్వని, ఖరీదైన పామ్ చెట్లు వరసకట్టి నిలబడతాయి. ఇంకుడు గుంత ప్లానులో ఉంటుంది, ట్యాంకరు గేటు దగ్గర ఉంటుంది.

ఇంతకీ ఎండ దేశాల్లో చల్లటి బడి కట్టడం బ్రహ్మవిద్యా? బుర్కినా ఫాసోలోని గాండో అనే పల్లెలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ ఊరివాడైన డియెబెదో ఫ్రాన్సిస్ కెరె బెర్లిన్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూనే చందాలు పోగుచేసి, 2001లో అక్కడ ప్రాథమిక పాఠశాల కట్టాడు. బంకమట్టిలో కాస్త సిమెంటు కలిపి ఇటుకలు చేశారు. గదుల మీద సందులున్న ఇటుక కప్పు, దానిపైన ఖాళీ వదిలి, ఎత్తుగా, చూరు బాగా ముందుకు వచ్చేలా రేకుల కప్పు వేశారు. వేడిగాలి ఆ సందుల్లోంచి పైకి పోతుంది, చూరు గోడలకు నీడనిస్తుంది. ఊరివాళ్లే పని చేశారు. 2004లో బడికి ఆగా ఖాన్ ఆర్కిటెక్చర్ బహుమతి వచ్చింది, 2022లో కెరెకు ప్రిట్జ్‌కర్ ఆర్కిటెక్చర్ బహుమతి వచ్చింది. బంగ్లాదేశ్‌లోని రుద్రపూర్‌లో అనా హెరింగర్, ఐకె రోస్వాగ్ మట్టితో, వెదురుతో రెండంతస్తుల బడి కట్టారు. రాజస్థాన్‌లోని జైసల్మేర్ దగ్గర ఎడారిలో డయానా కెల్లాగ్ గీసిన బాలికల బడి ఇసుకరాతి గోడలతో, జాలీలతో, ఏసీ లేకుండా నిలబడింది. మూడింటిలోనూ కొరత ఒకటే: ఫీజు పెంచడానికి తగిన లాబీ లేదు.

సర్కారు బడి ఈ పాపంలో లేదనుకుంటే పొరపాటు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన 'నాడు-నేడు', తెలంగాణలో 2022లో వచ్చిన 'మన ఊరు - మన బడి' అనే బడుల బాగుచేత పథకాల జాబితాల్లో మరుగుదొడ్లు, మంచినీళ్లు, ఫ్యాన్లు, రంగులు, ప్రహరీ అన్నీ ఉండేవి. అవన్నీ కావలసినవే. నెత్తిన కాలే కప్పుకు మాత్రం ప్రత్యేకంగా పద్దు ఉండేది కాదు. దాని పని ఒంటిపూట బడులు చూసుకుంటాయి. మార్చి నడుమకు వచ్చేసరికి కప్పును మార్చలేక టైంటేబులును మారుస్తారు. తెల్లపూత లాంటి పద్ధతులతో కప్పును చల్లబరచడం చాలా భవనాలకు తప్పనిసరి చేస్తూ తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ప్రభుత్వ భవనాలు కూడా అందులోకి వస్తాయి. ఆ సున్నం బకెట్టు ప్రతి బడి మేడ మెట్లెక్కిందా అన్నది హెడ్మాస్టర్లను అడగాలి.

ప్రైవేటు బడికి వెళ్లే తల్లిదండ్రులు ఫీజు సంగతి తేలాక మరో మూడు అడగవచ్చు. పోయిన ఏప్రిల్ కరెంటు బిల్లు ఎంత? వారానికి ఎన్ని ట్యాంకర్లు? కరెంటు పోతే గంటసేపు ఆ గదిలో కూర్చోగలమా? మొదటి రెంటికీ మేనేజ్‌మెంటును కనుక్కుని చెబుతామంటారు. మూడోదానికి మాత్రం రిసెప్షన్ అమ్మాయి తడుముకోదు: "మన దగ్గర కరెంటు పోవడమంటూ ఉండదు సార్, పెద్ద డీజిల్ జనరేటర్ ఉంది. దానికి కూడా ఆకుపచ్చ రంగే వేయించాం."