ఫ్రీస్టైల్ పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక: బావిలో ఈత నేర్చినవాడొకడు ఆ ధీమాతోనే పట్నపు స్విమ్మింగ్ పూల్‌లో దిగి, తల గాలిలో నిలిపి, నీటిని ఎడాపెడా బాది, అవతలి గోడ పట్టుకుని రొప్పుచుండగా, గట్టు మీది కోచ్ నోటి నుంచి ఈల తీసి కరుణతో చెప్పిన ఆటవెలది ఇది.

తలను దించి మేను తక్కెడగా నుంచి
చేయి చాచి నీటిఁ జేది నెట్టి
పక్క నోరు తెరచి ప్రాణవాయువుఁ బీల్చి
తుంటి నుండి తన్ను, తోడు నడుము.

ప్రతిపదార్థం: తలను దించి = చూపు పూల్ అడుగున ఉన్న నల్లగీత మీద నిలిచేలా వంచి (గడ్డం రొమ్ముకు ఆనించి అని కాదు); మేను = ఒంటిని; తక్కెడగా నుంచి = ఒక కొస తల, మరో కొస మడమలు అయ్యేలా పరచి; చేయి చాచి = భుజం చెవిని రాసేలా ముందుకు సాచి; నీటిన్ చేది = మోచేయి పైన, వేళ్ళు అడుగువైపు ఉండగా ముంజేతితో నీటిని పట్టి లాగి; నెట్టి = తొడ దాకా వెనక్కి తోసి; పక్కన్ = ఒక కన్ను నీటిలోనే ఉండగా; నోరు తెరచి, ప్రాణవాయువున్ పీల్చి = స్పష్టం; తుంటి నుండి = మోకాలి నుండి కాదని భావం; తన్ను = తన్నుము; తోడు నడుము = నడుము అటూ ఇటూ ఒరగడం దీనికి సాయం.

తాత్పర్యం: నీరు గాలికన్నా 800 రెట్లకు పైగా చిక్కన. వేగం రెట్టింపైతే అది అడ్డుకునే బలం సుమారు నాలుగింతలవుతుంది. కావున బలం పెంచుకోవడం కన్నా అడ్డు తగ్గించుకోవడం లాభం. తేల్చే ఊపిరితిత్తులు రొమ్ములో ఉన్నాయి, ముంచే బరువు తుంటి వైపుంది. తల లేస్తే కాళ్ళు దిగుతాయి. ఆపైన ఈతగాడు తన కాళ్ళనే ఈడ్చుకుపోతాడు.

విశేషాలు:

1. "చేది నెట్టి" పునరుక్తి కాదు. చేదేది వీపు పక్కల పరచుకున్న లాటిసిమస్ డోర్సై, ఛాతీ కండరాలు. నెట్టేటప్పుడు జబ్బ వెనకాలి ట్రైసెప్స్ వచ్చి కలుస్తుంది. చేతిని గాలిలో తిప్పి తెచ్చే పని భుజం మీది డెల్టాయిడ్‌ది. జిమ్‌లో పెంచిన జబ్బ ముందు కండకు ఇక్కడ పెద్దపీట లేదు.

ఇక్కడ మతభేదం ఉంది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 7 స్వర్ణాలు గెలిచిన మార్క్ స్పిట్జ్‌కు గురువైన కౌన్సిల్‌మన్, చెయ్యి నీటిలో వంకరగా పోతుందనీ, విమానపు రెక్కకు పుట్టే బలం వంటిదే దానికీ పుడుతుందనీ వాదించాడు. ఆ వంకరలో చాలా పాలు ఒళ్ళు ఒరగడం వల్ల వచ్చేదేననీ, నీటిని వెనక్కి తోయడమే ముఖ్యమనీ తర్వాతివారు. "నెట్టి" అన్నాడు గనుక మన కవి తర్వాతివారి పక్షం.

2. శంక: 1922లో 100 మీటర్లను నిమిషం లోపు ఈదిన మొదటివాడు జానీ వైస్‌ముల్లర్ తల ఎత్తే ఈదాడు కదా? సమాధానం: అది ఆర్షప్రయోగం. ఋషులకు చెల్లినది మనకు చెల్లదు. పైగా అతని 58.6 సెకన్లు 2024 పారిస్‌లో పాన్ ఝాన్‌లె చేతిలో 46.40 అయ్యాయి.

3. శంక: "పీల్చి" అన్నాడు, వదలమనలేదేం? సమాధానం: "బుడగలుగా వదలి" అని అధ్యాహారం చేసుకోవాలి. ముఖం నీటిలో ఉన్నంతసేపూ వదులుతూ ఉంటేనే, పక్కకు తిరిగిన ఆ రెప్పపాటులో పీల్చడానికి చోటుంటుంది. అధ్యాహారం చేయనివాడు నీటినే ఆహారంగా తీసుకుంటాడు.

4. శంక: పద్యంలో అన్నీ క్త్వార్థకాలే, "తన్ను" ఒక్కటే సమాపక క్రియ. మరి తన్నడమే ప్రధానమా? సమాధానం: వ్యాకరణంలో ప్రధానం, నీటిలో కాదు. ముందుకు నడిపేవి ముఖ్యంగా చేతులు. కాళ్ళ తన్ను ఒంటిని తేల్చి, తక్కెడను నిలుపుతుంది. తొడల, పిరుదుల కండరాలు పెద్దవి, ఊపిరిని దండిగా తింటాయి. అందుకే 100 మీటర్లవారు రెండు బారలకు ఆరు తన్నులు తన్నితే, దూరం ఈదేవారిలో చాలామంది రెండింటితో సరిపెట్టుకుంటారు. ఇక "దించి, చాచి, పీల్చి, ఆ తర్వాత తన్ను" అని క్రమం చెప్పేవారున్నారు. అది చింత్యం. అన్నీ ఏకకాలంలోనే జరగాలి. వరుసగా చేసేవాడు మూడో పాదానికే అడుగు చేరతాడు.

ఫలశ్రుతి: మర్నాడు పొద్దున వీపు పక్కలు సలిపితే పద్యం పట్టుబడినట్టు. మెడ పట్టేస్తే మొదటి పదమే అర్థం కానట్టు. భుజం ముందు పొడిస్తే నడుము తోడు రానట్టు. తొడలు బిగుసుకుపోతే వ్యాకరణం వచ్చినట్టు, ఈత ఇంకా రావలసి ఉన్నట్టు.