మిద్దెమీది ఆయకట్టు

నీటిపారుదల శాఖలో ఉద్యోగించి, వనపర్తిలో కొంతకాలము, నాగర్‌కర్నూలులో కొంతకాలము కాలువగట్ల వెంబడి ఎండలో తిరిగి, తుదకు గద్వాలలో ఇల్లు కట్టుకొని పదవీవిరమణ పొందిన మా బావగారికి నీటిని గూర్చిన పరిజ్ఞానమంతయు మిగిలినదిగాని దానిని ప్రయోగించుటకు కాలువ మిగులలేదు. అందుచేత వారు మిద్దెమీద ఒక ఆయకట్టును సృష్టించుకొనిరి.

ఇట్టివారు ప్రతి వీధిలోను ఒకరుందురు గనుక పాఠకులకు కొత్తగా పరిచయము చేయనక్కరలేదు. మల్లె, మందారము, తులసి మొదలగు సామాన్యజాతులయందు వీరికి ఆదరము లేదు. ఈ నేలలో, ఈ యెండలో, ఈ నీటితో ఏది బ్రదుకజాలదని పదిమంది చెప్పుదురో దానినే బ్రదికించి చూపవలెనను పట్టుదల వీరికి పుట్టుకతో వచ్చును. మా బావగారి మిద్దెమీద కాఫీ మొక్క కలదు, జాజికాయ మొక్క కలదు, రుద్రాక్ష మొక్క కలదు. చారులోనికి కరివేపాకు కావలసినపుడు మాత్రము మా అక్క ప్రక్కయింటికి పోవును. “కరివేపాకు ఎవడన్న పెంచుతడు” అని బావగారి సమాధానము.

తొట్లకు నీరు పోయుట అను మాట వారి నోట రాదు. నీరు “విడుదల” చేయుదురు. తొట్టికొక సంఖ్య, సంఖ్యకొక పుట, ఆ పుటలో విడుదల చేసిన నీటి లెక్క, క్రింద సంతకము. తూర్పుగోడ ప్రక్కనున్నవానికి ఒకనాడు, పడమటివానికి మరునాడు అని వారబందీ విధించి, దానిని అతిక్రమించి ఎవరైనను వాడిన మొక్కకు చెంబెడు నీరు పోసిరా, సంజాయిషీ అడుగుదురు. చివరనున్న తొట్లు ఎండుచున్నవని మా అక్క మొరపెట్టుకొన్నపుడు, చివరి ఆయకట్టునకు నీరందకపోవుట మన దేశమున నూతనవిషయము కాదని, ఉద్యోగకాలమున రైతులకు చెప్పిన శాంతస్వరముతోనే సెలవిత్తురు.

వనపర్తిలో నున్న దినములలో వారి మనస్సును హరించినది సరళాసాగరము. వనపర్తి రాజా రామేశ్వరరావుగారి సంకల్పముతో, వారి మాతృమూర్తి సరళాదేవి పేర వెలసి, 1959లో పూర్తియైన ఆ జలాశయమున, నీరు నిండుమట్టమును దాటినంతనే సైఫనులలోని గాలి తనంత తాను వెలికి నెట్టబడి, మనుష్యుడెవడును వచ్చి గేటు ఎత్తకయే వరదనీరు దిగువకు లాగబడును. మట్టము తగ్గినంతనే గాలి చొరబడి ప్రవాహము నిలిచిపోవును. ఉద్యోగి నిద్రించుచున్నను తన పని తాను చేసికొనిపోవు ఈ యంత్రాంగము ప్రభుత్వోద్యోగియైన మా బావగారికి ఎందుకంత ప్రీతిపాత్రమయ్యెనో నేను విచారింపను. ఒక వేసవిలో తిరుపతి ప్రయాణము తలపెట్టి, తాము ఊర లేనపుడు తొట్లకు నీరందుటకై, ప్లాస్టికు గొట్టములతో మిద్దెమీది టాంకికి ఒక చిన్న సరళాసాగరమును నిర్మించిరి. గాలి చొరబడుటకు విడువవలసిన రంధ్రమును మాత్రము నీరు కారునన్న భయముచేత జిగురుపెట్టి మూసిరి. ప్రయాణమునకు ముందటి రాత్రి అది దానంతట అది మొదలై, ఆపువాడు లేక, టాంకి అడుగంటువరకు ప్రవహించి, తొట్లను ముంచి, మెట్లమీదుగా దిగి, క్రింద అద్దెకున్నవారి బియ్యపు బస్తాను చేరెను. “సారూ, పైన టాంకి పగిలినట్టుంది!” అని వారు కేకలు వేయగా, బావగారు టార్చిలైటుతో వెలుపలికి వచ్చి, మోకాలిబంటి పంచె తడియుచుండగా, ఆనందబాష్పములతో, “పగలలే, పనిచేసింది!” అని ప్రకటించిరి. అద్దెకున్నవారు ఆ నెలతో ఇల్లు మారిరి.

2019 డిసెంబరు 31న అసలు సరళాసాగరము కట్టకే గండి పడినదన్న వార్త తెలిసిన దినమున బావగారు అన్నము ముట్టలేదు. సందు దొరికినపుడెల్ల సైఫనును ఎత్తిపొడుచు మా అక్క, ఆనాడు మాత్రము ఆ మాట తలపెట్టక, కాఫీ చేసి మిద్దెమీదికే పంపెను.

రోహిణికార్తెలో రోళ్ళు పగులునన్న లోకోక్తి గద్వాలలో అతిశయోక్తి కాదు. రోలే పగులు ఎండకు, చల్లని అడవులలో చెట్లకొమ్మలను కరచుకొని బ్రదుకు ఆర్కిడ్లు ఏమి తాళగలవు? వానికి నీడ కావలెను. బజారులో దొరకు ఆకుపచ్చని నీడవల గాలి ఆడనీయదని నిశ్చయించి, బావగారు మా అక్క పెట్టె తెరచి, ఆమె పెండ్లినాటి గద్వాలచీరను పందిరిగా కట్టిరి. గద్వాలచీర ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. నూలుభాగము గాలిని విడుచును, పట్టు అంచు మేకులకు చినుగదు, ఇంతకంటె శాస్త్రీయమైన నీడ ఎక్కడ దొరకునని వారు నాకు వివరించుచుండగా, వెనుకనుండి మా అక్క, “తమ్మీ, మీ బావకు జెర నువ్వన్న చెప్పురా, నేను సచ్చినంక కప్పనీకెన్న ఆ చీరె ఉండనీయమను” అనెను. ఆర్కిడ్లు చీరక్రిందనే ఎండిపోయినవి.

ఆపిలు, మామిడి కథలు సంగ్రహముగా చెప్పి దాటుదును. మైదానప్రాంతపు ఉష్ణమునకు ఓర్చునట్లు హిమాచలప్రదేశమున హరిమన్ శర్మగారు వృద్ధిచేసిన ఆపిలు రకమొకటి కలదు. దాని ప్రత్యేకతయే శీతలమును అంతగా కోరకపోవుట. అట్టి మొక్కను తెప్పించి, పుష్యమాసమున దాని మొదట ప్రతి దినము సోడాకొట్టునుండి మంచుగడ్డలు తెచ్చి పేర్చిరి. “దానికి అక్కరలేదు కదా బావా” అన్నచో, “అక్కర లేకున్న మర్యాద ఉంటది గద” అనిరి. మియాజాకి యను జపానుమామిడి పండ్లు ఆ దేశమున లక్షలు పలుకుననియు, జబల్పూరులో దంపతులొకరు అట్టి చెట్లకు నలుగురు కాపలాదారులను, ఆరు కుక్కలను నియమించిరనియు 2021లో పత్రికలలో చదివి, కొల్లాపురపు మామిడిపండ్లు బుట్టలకొలది దొరకు సీమలో నివసించుచు, ఆ జపానుఅంటును పెద్దతొట్టిలో నాటిరి. కాపలాగా మా మేనల్లుని నియమించిరి. ఒకే కాయ కాచెను. వీధికోతి యొకటి దానిని కోసి, ఒక్కమారు కొరికి, మొగము ముడుచుకొని పారవేసెను.

దూరదేశపు తరువులతో ఇన్ని యుద్ధములు చేసిన మా బావగారిని నిజముగా ఓడించినది మాత్రము మన అడవితీగయే. వానకాలమున నల్లమల అంచులనుండి వచ్చు బోడకాకర, కోడిమాంసముతో పోటీపడి అమ్ముడుపోవునని పాలమూరువారికి నేను చెప్పవలసిన పని లేదు. అమ్రాబాదు వైపు పోయినపుడు ఎవరినో బతిమాలి గడ్డలు తెచ్చి, మృగశిరలో నాటిరి. ఆరుద్రలో తీగలు పందిరినెక్కినవి. శ్రావణమునాటికి పసుపుపచ్చని పూలతో మిద్దె నిండినది. పిందె మాత్రము లేదు. మరుసటి యేడును అదే తంతు. బెల్లపునీరు చల్లిరి, జీవామృతము పోసిరి, తేనెటీగలు రాకపోవుటయే కారణమని నిర్ణయించి, తామే కుంచె పట్టి తెల్లవారుజామున పువ్వునుండి పువ్వునకు పుప్పొడి రుద్దిరి. గద్వాల ప్రాంతము పత్తివిత్తనమునకు ప్రసిద్ధము. సాయంకాలము ఆడవరుసల మొగ్గలనుండి కేసరములను గోటితో గిల్లివేసి, మరునాటి ఉదయము మగపూలు తెచ్చి రుద్దు క్రాసింగు పనిలో ఇక్కడి కూలీస్త్రీల వ్రేళ్ళు ఆరితేరినవి. అట్టి అనుభవశాలిని నొకతెను బావగారు సలహాకై మిద్దెమీదికి పిలిచిరి. ఆమె పందిరిని ఒకమారు కలయజూచి, నోటికి కొంగు అడ్డము పెట్టుకొనెను.

“సారూ, ఇయ్యన్ని మగయే. పువ్వు కింద పిందె యాడున్నది? మగపువ్వు తీస్కపోయి మగపువ్వుకే రుద్దుతున్నవ్!”

బోడకాకరలో ఆడతీగ వేరు, మగతీగ వేరు. ఆడపువ్వు క్రింద ముండ్లపిందె పూవుతోడనే పుట్టును. పది ఆడతీగలకు ఒక మగతీగ చాలును. మా బావగారి పందిరిమీద నున్నవన్నియు బ్రహ్మచారులు. ఆనాటినుండి వారు కన్యాన్వేషణలో మునిగిరి. అచ్చంపేటలో పెండ్లికి పోయినను, కొల్లాపురమున పురుటికి పోయినను, వధువును చూడరు, శిశువును చూడరు. పెరటిలోనికి పోయి ఆడగడ్డ ఏమైన ఉన్నదా అని ఇంటివారిని విచారింతురు. నాతో సయితము ఫోనులో మా యింటి క్షేమసమాచారములకు ముందు తాము బలవంతముగా నా కిచ్చిపోయిన ఎడారిగులాబి మొక్క మొదలు ఎంత లావైనదో అడుగుదురు. లావు చాలదని తోచినచో బస్సెక్కి వత్తురు.

కావున నల్లమల ప్రక్కనున్న పాఠకులకు నా విన్నపము: మీ పెరటిలో బోడకాకర ఆడగడ్డ ఒకటి మిగులున్నచో, వచ్చు మృగశిరకు ముందే దానిని గద్వాలకు చేర్పుడు. ప్రతిఫలముగా బావగారు ఏదైన మొక్క నిచ్చెదమన్నచో మాత్రము పుచ్చుకొనకుడు.