కంబపు నీడ: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
ఎండ మండు వేళ నేవైపు నడచుట
తూర్పు పడమరైన దోవలందు
చెట్టు నఱికివైచి చేసిన రోడ్డున
నీడ కంబమిచ్చు నేడు మనకు

అవతారిక: కవి పేరు తెలియదు. ఊరు హైదరాబాదనీ, మాసం మే అనీ, చేతిలో గొడుగు లేదనీ లోపలి సాక్ష్యాన్నిబట్టి చెప్పవచ్చు. బస్సు కోసం నిలబడి చెప్పిన ఆశువు. బస్సు రాకపోవడం వల్లనే నాలుగో పాదం కూడా పూర్తయింది.

ప్రతిపదార్థం: ఎండ మండు వేళన్ = వాతావరణ శాఖవారు 43 డిగ్రీలని చెప్పిన పూట. ఆ 43 నీడలో కొలిచినదని పాఠకులు గ్రహించాలి. వారి థర్మామీటరు నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే తెల్లని పెట్టెలో, ఎండ పొడ తగలకుండా సుఖంగా ఉంటుంది. నడిచేవాడికి ఆ పెట్టె ఎక్కడిది? పైన సూర్యుడు, కింద 60 డిగ్రీలు దాటగల తారు, పక్కన అద్దాల మేడ తిప్పికొట్టే వెలుగు, ఏసీ యంత్రాలు మొహాన ఊదే వేడిగాలి. ఇవన్నీ కలిస్తే అతని ఎండ. చెట్టు కింద గాలి వేడి తగ్గేది ఒకటి రెండు డిగ్రీలే. అయినా ప్రాణం లేచివస్తుంది. ఒంటిమీద సూటిగా పడే కిరణాలు ఆగిపోవడమే అందుకు కారణం.

ఏవైపు నడచుట = ఇది ప్రశ్న. కవి జవాబు చెప్పలేదు. వ్యాఖ్యాత చెప్పక తప్పదు. ఉత్తర దక్షిణాలుగా పోయే వీధిలో పొద్దున తూర్పు వైపు, సాయంత్రం పడమటి వైపు మేడల నీడ దొరుకుతుంది. తూర్పు పడమర వీధి సంగతి వేరు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు కనుక ఆ వైపు ఫుట్‌పాత్ నిండా నీడే, అదీ ఎవరికీ అక్కర్లేనప్పుడు. మేలో ఆయన వీధి వెంబడే నెత్తిమీదుగా పోతాడు. ఎంత పెద్ద మేడలున్నా నడిమధ్యాహ్నం ఏ పక్కకూ చెప్పుకోదగ్గ నీడ రాదు.

శంక: అట్లయితే అక్కడి పాదచారికి గతి ఏమి?

సమాధానం: చెట్టు, లేదా వసారా. పూర్వులకిది తెలుసు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డువారు పత్తర్‌గట్టీలో దుకాణాల ముందు రాతి కమానులు కట్టించారు. కమాను కింది నీడ సూర్యుడు ఏ దిక్కున ఉన్నా అంతగా కదలదు. ఇవాళ్టి మాల్ ముందు కమానుకు బదులు కార్ల పార్కింగు ఉంటుంది.

చెట్టు నఱికివైచి చేసిన రోడ్డున = వెడల్పు చేసిన రోడ్డుపై. చేవెళ్ల దారిలోని నిజాం కాలపు మర్రులను తలచుకొని కవి నిట్టూర్చాడని ఊహ. రోడ్డు విస్తరణకు ఆ మర్రులను కొట్టాలా వద్దా అన్న వివాదం హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది.

నీడ కంబమిచ్చు = అతిశయోక్తి అనుకునేరు, స్వభావోక్తే. ఇక్కడ కాలనిర్ణయం కూడా సాధ్యం. మే 9 ప్రాంతంలో హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, కంబానికి నీడే ఉండదు. కాబట్టి కవి చూసింది సాయంత్రం నాలుగు గంటల ఎండ. అప్పుడు తూర్పు పడమర రోడ్డులో కంబం నీడ అడ్డంగా పడదు. ఫుట్‌పాత్ వెంబడే, కంబం కంటే పొడుగ్గా, జానెడు వెడల్పున సాగుతుంది. అందులో ఒకరి వెనక ఒకరు, నీడ జరిగితే తామూ జరుగుతూ, ప్రయాణికులు నిలబడతారు. ఎవరూ అరవకుండా మన జనం కట్టే క్యూ నాకు తెలిసి ఇదొక్కటే.

తాత్పర్యం: చెట్టు పోయింది, కంబం మిగిలింది, బస్సు రాలేదు.

పాఠాంతరం: మూడో పాదంలో "చెట్టు నాటివైచి" అని కొందరి పాఠం. ఛందస్సుకు భంగం లేదు. అయితే ఆ పాఠం డివైడర్ మీద మాత్రమే కనబడుతోంది. అక్కడి నీడ అద్దాలెత్తుకుని ఏసీ వేసుకున్న కార్ల మీద పడుతుంది కనుక ప్రకరణానికి పొసగదని విడిచిపెట్టాం.